పెద్ద కెమెరాకు తగిన స్టాండు తల

అరచేతిలో ఇమిడే టెలిఫోనుతో ఎవరైనా ఛాయాచిత్రం తీయగల ఈ రోజులలో కూడ, తిత్తి కెమెరాను ముక్కాలి స్టాండు మీద నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని, ఒక్కొక్క చిత్రానికి అరగంట వెచ్చించేవారు కొందరు ఉన్నారు. ప్రాచీన కట్టడాలు, కొండలు, శిల్పాలు, చిత్రపటాలు మొదలైన వాటిలోని అతి సూక్ష్మమైన వివరం కావలసినవారికి ఈ పాత పద్ధతి మీద ఇంకా మక్కువ తీరలేదు. ఇందులో వాడే ఫిల్ము చుట్ట కాదు, విడి పలక. సాధారణంగా అది 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉంటుంది. మామూలు 35 మి.మీ. కెమెరాలోని చిత్రంతో పోలిస్తే దీని వైశాల్యం సుమారు 15 రెట్లు. 8 అంగుళాలు, 10 అంగుళాలు గల పలక అయితే 60 రెట్లు.

ఇంత పెద్ద కెమెరాను చేతితో పట్టుకొని చిత్రం తీయడం సాధ్యం కాదు గనుక స్టాండు తప్పనిసరి. స్టాండు కాళ్ళను గురించి అందరూ ఆలోచిస్తారు. కాని కాళ్ళకూ కెమెరాకూ నడుమ ఒక చిన్న యంత్రం ఉంటుంది. కెమెరాను అటూ ఇటూ తిప్పడానికి, వంచడానికి, కావలసిన చోట బిగించడానికి అదే ఆధారం. దానిని వ్యాపారులు ‘హెడ్’ అంటారు. ఇక్కడ ‘తల’ అని వ్యవహరించవచ్చు. పెద్ద కెమెరా కొన్నవారు చాలామంది ఈ తల దగ్గరే పొరబడతారు. కెమెరా బరువు ఎంత, తల ఎంత బరువు మోస్తుంది అనే రెండు అంకెలు సరిచూసుకొని కొంటారు. ఆ రెండు అంకెలు చెప్పేది చాలా తక్కువ.

ఎందుకో తెలియాలంటే ముందు ఈ కెమెరా పనిచేసే తీరు చూడవలె. ముందు ఒక పలకకు కటకం, వెనుక మరొక పలకకు గరుకు గాజు, రెంటి నడుమ కమ్మరి కొలిమి తిత్తి వంటి మడతల తిత్తి. కటకం గుండా వచ్చిన వెలుతురు గరుకు గాజు మీద తలక్రిందులుగా, ఎడమ కుడులు తారుమారై బొమ్మ కడుతుంది. ఆ బొమ్మ మసకగా ఉంటుంది గనుక నల్లగుడ్డ కప్పుకొని భూతద్దంతో చూసి, అంచులు తేటపరచి, దృశ్యాన్ని చట్రంలో సర్దుకొంటారు. ఇంతవరకు బాగానే ఉన్నది. తరువాత కటకం మూత వేసి, ఫిల్ము ఉన్న హోల్డరును గరుకు గాజు ముందుకు దూర్చవలె. బిగువైన స్ప్రింగును నెట్టుకొంటూ అది లోపలికి పోతుంది. గాజు ఉన్న స్థానంలోకి ఫిల్ము వచ్చి కూర్చుంటుంది. అక్కడినుంచి ఛాయాగ్రాహకునికి ఏమీ కనబడదు. హోల్డరు దూర్చినప్పుడు తల ఒక వెంట్రుకవాసి వాలినా, బిగించిన తరువాత నెమ్మదిగా క్రిందికి జారినా, ఆ సంగతి ఫిల్ము కడిగిన నాడు గాని తెలియదు. ఆ నాటికి ఎండ మారిపోయి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ దృశ్యమే ఉండదు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఆన్సెల్ ఆడమ్స్ చిత్రించినది 1941 నవంబరు 1 సాయంత్రమని ఖగోళ గణితం చేసినవారు తేల్చారు. దారిన పోతూ ఆ దృశ్యం చూసి ఆయన కారు ఆపి, 8×10 కెమెరా దింపి నిలబెట్టాడు. కాంతిమాపకం వెదికితే కనబడలేదు. చంద్రుని కాంతి విలువ జ్ఞాపకం ఉండటంవల్ల దానినిబట్టి లెక్క కట్టి, ఎఫ్/32 రంధ్రంతో ఒక సెకండు వెలుతురు పారించాడు. హోల్డరును తిరగవేసి రెండవ పలకకు సిద్ధమయ్యే లోపల శ్మశానంలోని శిలువల మీది ఎండ పోయింది. లోకానికి దక్కినది ఆ ఒక్క పలకే.

ఎఫ్/32, ఒక సెకండు అన్న రెండు మాటలలోనే పెద్ద కెమెరా కష్టం ఉన్నది. పెద్ద ఫిల్ముకు పొడవైన నాభ్యంతరం గల కటకం కావలె; అట్టి కటకంతో దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు అన్నీ తేటగా రావాలంటే రంధ్రం చిన్నది చేయవలె; రంధ్రం చిన్నదయితే వెలుతురు పారే కాలం పెరుగుతుంది. పగటిపూట సెకండులో ఇరవయ్యో వంతు, సాయంత్రం ఒకటి రెండు సెకండ్లు, గుడి లోపలనైతే నిమిషాలు. ఆ కాలమంతా కెమెరా ఎంత నిశ్చలంగా ఉండవలెనో లెక్క వేయవచ్చు.

4×5 ఫిల్ముకు మామూలుగా వాడేది 150 మి.మీ. కటకం. ఫిల్ము మీద బొమ్మ 0.02 మి.మీ. కంటె ఎక్కువ చెదరకూడదని పెట్టుకొందాం. అయిదు రెట్లు పెద్దది చేసి అచ్చు తీస్తే అది 0.1 మి.మీ. అవుతుంది, మంచి కన్ను పట్టగలిగిన హద్దు సుమారుగా అదే. 0.02ను 150తో భాగిస్తే వచ్చే కోణం దాదాపు 27 వికలలు. వికల అనగా డిగ్రీలో 3600వ వంతు. ఇంకొక విధంగా చెప్పాలంటే, తల ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరాన ఉన్న కెమెరా కొన, 0.027 మి.మీ. లేచినా దిగినా ఆ హద్దు దాటినట్లే. తల వెంట్రుక మందం ఇంతకంటె ఎక్కువ. కటకం నాభ్యంతరం రెట్టింపయితే ఈ హద్దు సగమవుతుంది. ఆడమ్స్ ఆనాడు వాడినది 23 అంగుళాల నాభ్యంతరం; దానికి హద్దు 7 వికలలు మాత్రమే. భూమి తిరగడంవల్ల ఆకాశంలో చంద్రుడే సెకండుకు సుమారు 15 వికలలు కదులుతాడు గనుక, ఆ చిత్రంలో చంద్రబింబం 0.04 మి.మీ. జరిగే ఉంటుంది! స్టాండు, దాని తల మాత్రం భూమి తిరిగే వేగం కంటె మెల్లగా కదలవలెనన్న మాట.

ఇక బరువు సంగతి. మూడు కిలోల కెమెరాను మోయడం ఏ తలకైనా కష్టం కాదు. నాలుగు ఇటుకలు పేర్చినా మోస్తుంది. కష్టం బరువుతో కాదు, ఆ బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉన్నదన్న దానితో. తలుపును కీలు దగ్గర నెడితే కదలదు, అంచు దగ్గర నెడితే చిటికెన వేలికే తెరుచుకొంటుంది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే ఈ తిప్పు శక్తినే భ్రామకం అంటారు. తల ఓర్చుకోవలసినది ఈ భ్రామకాన్ని.

తిత్తి కెమెరా పొడవుగా లేచి ఉంటుంది గనుక దాని గరిమనాభి, అనగా బరువంతా కేంద్రీకరించినట్లు భావించే బిందువు, తల ఇరుసుకు చాలా పైన ఉంటుంది. అది 15 సెం.మీ. పైన ఉన్నదనుకోండి. కెమెరా నిటారుగా ఉన్నంతసేపు భ్రామకం లేదు. 5 డిగ్రీలు వంచితే సుమారు 4 కిలో-సెంటీమీటర్లు. 20 డిగ్రీలు వంచితే 15 దాటుతుంది. వంగిన కొద్దీ వంచే శక్తి తానే పెరుగుతున్నదని ఇక్కడ గమనించవలె. అరచేతిలో కర్రను నిలబెట్టి ఆడించే పిల్లవానికి ఇది అనుభవంలో ఉన్నదే: కొద్దిగా ఒరిగినప్పుడు సర్దుకోవచ్చు, కొంచెం ఆలస్యమైతే కర్ర దక్కదు. కెమెరాను అసలు వంచకపోయినా బాధ తప్పదు. దగ్గరి వస్తువు కోసం తిత్తి బాగా సాచి, బరువైన కటకాన్ని ముందుకు నెట్టినప్పుడు గరిమనాభి 5 సెం.మీ. ముందుకు జరిగితే చాలు, అదే 15 కిలో-సెంటీమీటర్ల భ్రామకం ఏర్పడుతుంది. పట్టా మీద జారే కెమెరాలలో పట్టాను వెనుకకు లాగి తూకం సరిచేసుకోవచ్చు. మడత పెట్టే కొయ్య కెమెరాలలో ఆ వీలు తక్కువ. ‘ఇన్ని కిలోలు మోస్తుంది’ అని పెట్టె మీద అచ్చువేసే అంకెలో ఈ దూరాల మాట ఉండదు. పైగా తయారీదారులందరూ ఆ అంకెను ఒకే పద్ధతిలో కొలవరు.

చిన్న కెమెరాలు వాడి అలవాటుపడినవారు మొదట ఎన్నుకొనేది బంతి తల. గిన్నెలో కూర్చున్న లోహపు బంతి, దాని మెడ మీద కెమెరా, పక్కన బిగించే మర. మర వదులు చేస్తే కెమెరా అన్ని వైపులకు ఒక్కసారే తిరుగుతుంది. ఎగిరే పక్షిని వెంబడించేవానికి ఇది వరం. పెద్ద కెమెరావానికి ఇదే చిక్కు. అతడు పక్కవాటు మట్టం సరిచేసుకొని, ఇక ముందువాటు మట్టం మాత్రం ఒక అర డిగ్రీ మార్చాలనుకొంటాడు. మర వదులు చేయగానే సరిచేసుకొన్నది కూడ చెడిపోతుంది. నల్లగుడ్డ క్రింద, తలక్రిందులైన బొమ్మను చూస్తూ, ఒక చేత్తో మూడు కిలోల బరువును ఆపుతూ, రెండవ చేత్తో మర తిప్పుతూ ఈ పని పది నిమిషాలు చేసినవాడు మరల ఆ తలను ముట్టుకోడు.

బంతి తలతో అసలు పనికాదని కాదు. బంతిని ఆపేది రాపిడి. అదే బిగింపుకు, బంతి వ్యాసార్ధం పెరిగిన కొద్దీ రాపిడి ఆపగల భ్రామకం పెరుగుతుంది, 30 మి.మీ. బంతి కంటె 54 మి.మీ. బంతి 1.8 రెట్లు ఎక్కువ ఓర్చుకొంటుంది. మంచి బంతి తలలో రాపిడి ఎంత ఉండవలెనో ముందుగా నిర్ణయించుకొనే చిన్న మర వేరే ఉంటుంది. ఆర్కా-స్విస్ సంస్థ బంతిని సంపూర్ణ గోళంగా గాక కొంచెం కోలగా చేసి, వంగిన కొద్దీ బిగువు పెరిగేటట్లు ఏర్పాటు చేసింది. పైన చెప్పిన కర్ర కథకు ఇది తెలివైన విరుగుడు. కొండలెక్కేవారు, తేలికైన కొయ్య కెమెరావారు పెద్ద బంతి తలతో తృప్తిగానే పని సాగిస్తున్నారు. పట్టా కెమెరా, 8×10 కెమెరా గలవారికి మాత్రం అది తగదు.

మూడు పిడుల తల దీనికి భిన్నమైనది. ముందుకు వెనుకకు వంచడానికి ఒక పిడి, పక్కలకు వంచడానికి ఒకటి, చుట్టూ తిప్పడానికి ఒకటి. ఒకదానిని వదులు చేస్తే మిగిలిన రెండూ చెక్కుచెదరవు. పెద్ద కెమెరాకు కావలసిన గుణం ఇదే. వెల తక్కువ, బలం ఎక్కువ. పొడుగాటి పిడులు నల్లగుడ్డకు తగులుకోవడం, సంచిలో ఇమడకపోవడం దీని లోపాలు, అవి భరించదగినవే.

అయితే ఇందులో ఒక లోపం చాలామంది దృష్టికి రాదు. చుట్టూ తిరిగే కీలు ఈ తలలో అన్నిటికంటె అడుగున ఉంటుంది. స్టాండు ఎగుడుదిగుడు నేల మీద 5 డిగ్రీలు ఒరిగి నిలిచిందనుకోండి. పై రెండు కీళ్ళతో కెమెరాను మట్టం చేసుకోవచ్చు. కాని దృశ్యం కొంచెం కుడివైపుకు కావాలని 30 డిగ్రీలు తిప్పగానే, ఒరిగిన ఇరుసు చుట్టూ తిరుగుతున్నది గనుక మట్టం 2.6 డిగ్రీలు తప్పుతుంది. 90 డిగ్రీలు తిప్పితే 7 డిగ్రీలు. ప్రతిసారీ మొదటినుంచి సర్దవలె. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. తల క్రిందనే మట్టం చేసే గిన్నె వంటి పీఠం పెట్టుకోవడం ఒకటి; చుట్టూ తిరిగే కీలు పైన కూడ ఉన్న తల కొనడం ఒకటి. ఖర్చు లేని మూడవ ఉపాయం స్టాండు కాళ్ళను ఓపికగా సరిచేసి రసమట్టంతో చూసుకోవడం. తాపీపనివాడు గోడ మొదలుపెట్టేముందు అడుగు వరుస సరిచూసుకొన్నట్లే ఇదీ.

మట్టానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు? ఛాయాచిత్రంలో మేడల గోడలు నిటారుగా రావాలంటే ఫిల్ము ఉండే వెనుక పలక నిటారుగా ఉండవలె. కెమెరాను పైకి ఎత్తి చూపితే గోడలు పైన కలుసుకొంటున్నట్లు వస్తాయి. చార్మినార్ ముందు కెమెరా నిలిపి, రెండు మినార్లు ఫిల్ము రెండు అంచుల దగ్గర, నడిమినుంచి నాలుగేసి సెంటీమీటర్ల దూరాన వచ్చేటట్లు సర్దినారనుకోండి. కటకం 150 మి.మీ.ది. వెనుక పలక ఒక్క డిగ్రీ వాలితే, 10 సెం.మీ. పొడవున ఆ రెండు మినార్ల నడుమ దూరం పైకొనలో సుమారు 0.9 మి.మీ. తగ్గుతుంది. నాలుగు రెట్లు పెద్దది చేసిన అచ్చులో అది దాదాపు 4 మి.మీ. కట్టడం వెనుకకు వాలినట్లు కనబడటానికి అది చాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన లాలా దీన్‌దయాళ్ (1844–1905) పెద్ద పెద్ద గాజు పలకల మీద తీసిన కట్టడాల చిత్రాలను చూసేవారు మొదట మెచ్చుకొనేది స్తంభాల, గోడల నిటారుతనాన్నే.

పొడుగాటి మినార్ల కొనలు చట్రంలోకి రావాలంటే కెమెరా ఎత్తవద్దు. కటకం ఉన్న ముందు పలకను మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరిపితే చాలు. పెద్ద కెమెరా సొగసు ఇందులోనే ఉన్నది. దీనినిబట్టి తల ఎన్నికలో ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. చూపు మార్చే పని చాలావరకు కెమెరా పలకలే చేసుకొంటాయి గనుక తల 90 డిగ్రీలు వంగనక్కరలేదు. అయిదు పది డిగ్రీలలోపల అతి సున్నితంగా కదిలి, కదిలిన చోట రాయిలా నిలిస్తే చాలు. బజారులో దొరికే తలలు చాలావరకు దీనికి విరుద్ధమైన కోరికను మనసులో పెట్టుకొని చేసినవి. బల్ల మీది కాగితాలను, పటాలను పైనుంచి చిత్రించేవారికి మాత్రం 90 డిగ్రీల వంపు కావలసి ఉంటుంది.

ఆ సున్నితత్వం కోసమే పళ్ళచక్రాల తల పుట్టింది. ఇందులో ప్రతి కీలుకు ఒక మర, దానితో కూడుకొన్న పళ్ళచక్రం ఉంటాయి. చక్రానికి 90 పళ్ళున్నవనుకొంటే మరను ఒక చుట్టు తిప్పినప్పుడు ఒక పన్ను జరిగి కెమెరా 4 డిగ్రీలు వంగుతుంది. పావు చుట్టుకు ఒక డిగ్రీ. మర చక్రాన్ని తిప్పగలదు గాని చక్రం మరను తిప్పలేదు. అందుచేత చేయి తీసినా కెమెరా వాలదు, విడిగా బిగించే పనే ఉండదు. బిగించేటప్పుడు బొమ్మ జరిగిపోయే పీడ కూడ దీనితో వదులుతుంది. ఇటలీలోని మాన్‌ఫ్రొట్టో సంస్థ చేసే 410 అనే తల ఇటువంటిది. స్టూడియోలలో, కట్టడాల చిత్రణలో పేరు పొందింది. ఆర్కా-స్విస్ వారి ‘క్యూబ్’ మరొక అడుగు ముందుకు వేసింది. అందులో కెమెరా వంగేది అడుగున ఉన్న ఇరుసు చుట్టూ కాదు. వంపు తిరిగిన పట్టాల మీద, ఉయ్యాల తొట్టి వలె. వంపు కేంద్రం పీట పైన ఉంటుంది గనుక గరిమనాభి దానికి దగ్గరగా వచ్చి, వంచినప్పుడు భ్రామకం తక్కువగా ఉంటుంది. వెల మాత్రం మామూలు ఛాయాగ్రాహకునికి అందేది కాదు. పళ్ళచక్రాల తలలన్నిటిలోను చూడవలసిన దోషం ఒకటే: వాడకంవల్ల అరిగి పళ్ళ నడుమ సందు ఏర్పడితే, గాలి తగిలినప్పుడు కెమెరా ఆ సందులో అటూ ఇటూ ఊగుతుంది.

గాలిని తక్కువగా చూడరాదు. 20 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తిత్తి మీద గంటకు 18 కిలోమీటర్ల గాలి నెట్టే బలం సుమారు 100 గ్రాముల బరువుకు సమానం. అది స్థిరంగా నెడితే ప్రమాదం లేదు. ఆగి ఆగి వీస్తుంది గనుకనే కంపనం పుడుతుంది. గాలి వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు. నల్లగుడ్డను కెమెరా మీదే వదిలివేస్తే తెరచాప కట్టినట్లే.

తలకూ కెమెరాకూ నడిమి అతుకు కూడ తలలో భాగమే అనుకోవలె. స్టాండు మరలు రెండు కొలతలలో వస్తాయి: పావు అంగుళం, ఎనిమిదింట మూడు అంగుళం. పెద్ద కెమెరాకు రెండవదే తగినది. దాని కోత వైశాల్యం మొదటి దానికంటె 2.25 రెట్లు. తల పైన మెత్తని బెరడుబిళ్ళ గాని, రబ్బరు గాని మందంగా అతికించి ఉంటే అది చూడటానికి బాగుంటుంది కాని స్ప్రింగులాగ పనిచేస్తుంది. ఒకే మర మీద ఆధారపడిన పొడుగాటి కెమెరా మెల్లగా పక్కకు తిరిగిపోవడం కద్దు; కెమెరా అడుగు అంచును పట్టుకొనే గట్టు గల పలక ఉంటే ఆ భయం లేదు. స్టాండు నడిమి స్తంభాన్ని పైకి ఎత్తి వాడేవారికి ఎంత మంచి తల అయినా ఒకటే.

కొనేముందు పరీక్షించడం ఎట్లాగంటే, కెమెరాను హోల్డరుతో సహా అంగడికి తీసుకొనిపోవలె. తల మీద బిగించి, ఉన్నవాటిలో పొడవైన కటకం పెట్టి, తిత్తి పూర్తిగా సాచి, దూరాన ఉన్న కరెంటు స్తంభం మీది పింగాణీ గిన్నెను గరుకు గాజు మీద తేటపరచుకోవలె. ఆ గిన్నె అంచు దగ్గర గాజు మీద సన్నని పెన్సిలు గుర్తు పెట్టి, ఇప్పుడు మరలన్నీ బిగించవలె. బిగిస్తుండగా బొమ్మ గుర్తును విడిచి ఎంత జరిగినదో అదే ఆ తల మొదటి లోపం. తరువాత వేలితో కటకం పలకను మెల్లగా తట్టి, భూతద్దంలో చూస్తూ బొమ్మ ఊగడం ఎన్ని క్షణాలలో ఆగినదో గమనించవలె. ఆఖరున ఖాళీ హోల్డరును లోపలికి దూర్చి, రెండు నిమిషాలు ఆగి, బయటికి లాగి మరల చూడవలె. మూడుసార్లు చేసినా గిన్నె అంచు గుర్తు దగ్గరే ఉంటే ఆ తల అరకిలో బరువెక్కువయినా తీసుకోవచ్చు. కొండదారిన నడిచిపోయేవారు ఆ అరకిలోను తల దగ్గర గాక, సంచిలోని అదనపు కటకాల దగ్గర తగ్గించుకోవడం మేలు.